మందు రాయని డాక్టరు, రావద్దన్న మొగుడు

పచ్చని కాపురానికి నా చేతులతో నేనే నిప్పు పెట్టుకున్న వైనం చెబుతాను, వినండి. నవ్వితే నవ్వండి గాని, తప్పంతా నాదేనని మాత్రం అనకండి. సగం ఆ డాక్టరమ్మది!

ఐర్లండ్ అంతా ఉద్యోగాలే ఉద్యోగాలుగా ఉన్న రోజులవి. లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో నేను ఇంజనీరుగా చేరిన ఏడాదికి, ఎట్టకేలకు ఊళ్లో ఉన్న మా ఆవిడ లలితకు వీసా వచ్చింది. టికెట్ కూడా కొన్నాం. సరిగ్గా అప్పుడే నాకు కడుపునొప్పని వెళితే స్కాన్ తీశారు. నొప్పి దానంతటదే పోయింది గాని, కాలేయంలో రెండు సెంటీమీటర్ల గడ్డ బయటపడింది! ఎమ్మారై కూడా అయ్యాక మా జీపీ, అంటే ఆ డాక్టరమ్మ, నవ్వుతూ చెప్పింది.

"హీమాంజియోమా. రక్తనాళాల ముద్ద, అంతే. చాలామందికి ఉంటుంది. యూ ఆర్ గ్రాండ్!" గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ల మాటల్లో 'భేషుగ్గా ఉన్నావు' అని.

"మందులు?"

"అక్కర్లేదు."

"మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?"

"దీని కోసమైతే రానే అక్కర్లేదు."

"పోనీ, ముక్క తీసి పరీక్ష?"

"ఎమ్మారైలో స్పష్టంగా ఉంది. అనవసరంగా సూది గుచ్చితే రక్తం కారే ప్రమాదం."

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఊళ్లో జలుబుకే మూడు రంగుల మాత్రలు, ఒక ఇంజెక్షను, వారం తర్వాత మళ్లీ రమ్మని హుకుం! ఇక్కడ కాలేయంలో గడ్డ పెట్టుకుని వెళితే ఒక్క బి-కాంప్లెక్స్ అయినా రాయదా? అంటే ఏమిటన్నమాట? మందు వేసినా దండగే అన్నమాట!

నేను పోతే పరాయి దేశంలో లలిత గతేమిటి? నిజంగానే ఏడుపొచ్చింది. వెంటనే ఫోన్ చేశాను.

"లలితా, నువ్విప్పుడు రాకు."

"అదేంటండీ? ఎందుకు?"

"కారణం అడగకు. నన్ను మర్చిపో."

అవతల ఠక్కున ఫోన్ పెట్టేసింది. పాపం ఏడుస్తోందనుకున్నాను.

మర్నాడు రిపోర్టు చంకన పెట్టుకుని రైలెక్కి కాజిల్‌బార్ వెళ్లాను. అక్కడ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసే సూర్యం అన్నయ్యే మా తెలుగువాళ్లందరికీ రెండో అభిప్రాయం. రిపోర్టు చదివి తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఇది క్యాన్సరూ కాదు, క్యాన్సరుగా మారేదీ కాదు. ఆవిడ సరిగ్గానే చెప్పింది కదరా!"

"మందు రాయలేదన్నయ్యా!"

"అక్కర్లేని దానికి ఏం రాస్తుంది, నా మొహం! పో, ముందు ఆ పిల్లకి ఫోన్ చెయ్యి."

చేశాను. ఆనందంతో అరిచినంత పని చేశాను.

"లలితా, వచ్చెయ్! కాలేయంలో గడ్డ ఉందన్నారు, పోతాననుకుని రావద్దన్నాను. ఏమీ లేదట!"

"గడ్డా? మరి మందులేమిచ్చారు?"

"ఏమీ ఇవ్వలేదు."

"మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?"

"రానక్కర్లేదన్నారు."



"కాలేయంలో గడ్డ ఉంటే మందివ్వకుండా పంపే డాక్టరు ఈ భూమ్మీద ఉంటాడా? ఈ కథలన్నీ ఎందుకండీ? ఎవతె అది? పేరు చెప్పండి చాలు!"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ డాక్టరు "గ్రాండ్" అన్నా తల వంచి నమ్ముతాను. నమ్మి, కాళ్లు పట్టుకునైనా సరే, మా ఆవిడకు చూపించడానికి నాలుగు మాత్రలు రాయించుకుంటాను.