పర్లేదండీ

అమెరికాలో షామ్‌బర్గ్ ఊరి దగ్గర గడ్డకట్టిన చెరువులో, రంపంతో కోసిన కన్నంలోకి దూకాను. వాలంటీర్ డైవర్ల ట్రైనింగ్‌లో ఆ రోజు మునిగిపోతున్నవాడి వేషం నాది! నీళ్లు చొరని డ్రై సూట్ ఉన్నా చలి ముఖాన్ని ఛెళ్లుమని కొట్టింది. ఇంత హుషారు నాకు ఏ ఆఫీసులోనూ రాలేదు.

నన్ను కాపాడాల్సింది మా టీమ్‌లోని మరో తెలుగావిడ. నడుముకి తాడు కట్టుకుని, మంచు మీద బోర్లా పాకుతూ వచ్చింది.

"బాగానే ఉన్నారా అండీ?"

"పర్లేదండీ," అన్నాను, ఇంకో గరిటె పప్పు వడ్డించబోతే అన్నట్టు.

"అయితే మెల్లగా రండి, వెయిట్ చేస్తా," అని ఆవిడ అక్కడే ఆగిపోయింది! ఒళ్లు మండింది, కానీ తప్పు నాదే.

ఒడ్డున ఉన్న ట్రైనర్ నా 'పర్లేదండీ'కి అర్థం అడిగి తెలుసుకుని గట్టిగా అరిచాడు. చన్నీళ్లలో ఉన్నవాడు ఆ మాటంటే నమ్మొద్దట, ముందు పట్టుకోవాలట.

మళ్లీ దూకాను. ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు. నా చంకల కింద తాడు బిగించింది. ఒడ్డునున్నవాళ్లు లాగుతుంటే మంచు మీద జర్రున జారుతూ కేకలు పెట్టాను.

"ఇప్పుడు చెప్పండి, ఎలా ఉంది?"

"చలి చంపేస్తోందండీ!"

అమెరికా వచ్చిన పన్నెండేళ్లలో, ఆ ప్రశ్నకి నేను నిజం చెప్పడం అదే మొదటిసారి.