తేదీ లేదు, అద్దం ప్లాస్టిక్: ఇబ్రహీంపట్నంలో ఒక స్విస్ గడియారం పరీక్ష

మా పెద్దబాపు రెండు వారాలుగా చేతికి గడియారం లేకుండా తిరుగుతున్నాడని పెద్దమ్మ ఫోన్ చేసింది. ఈ ప్రయాణానికి కారణం అదే. సాగర్ రోడ్డు చుట్టూ ప్లాట్ల వెంచర్లు ఊపందుకున్న రోజుల్లో ఆయన అర ఎకరం అమ్మాడు. ఇల్లు కట్టాడు, పిల్లల్ని చదివించాడు, తనకోసం మాత్రం ఒక్కటే కొనుక్కున్నాడు. అది పట్నంలో పాత గడియారాలమ్మే దుకాణంలో దొరికిన స్విస్ గడియారం. సముద్రంలో మునిగేవాళ్ల కోసం పుట్టిన రకం. నల్లటి డయల్, చుట్టూ తిరిగే అంచు, స్టీలు గొలుసు. మొన్నొక విందులో అల్లుడు మహేష్ ఫోన్‌లో అదే కంపెనీ కొత్త మోడల్ ఫొటో తెరిచి, పదిమంది ముందు మామగారి చేతి పక్కన పెట్టాడట. "మామా, నీ దానికి తేదీ లేదు, అద్దం ప్లాస్టిక్‌ది. నీకు డూప్లికేట్ అంటగట్టిన్రు" అన్నాడట. భూమి అమ్మి నకిలీ కొన్నాడన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. నాకు పాత గడియారాల పిచ్చి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి పిలుపు నాకొచ్చింది.

ఉదయం ఎనిమిదింటికి హయత్‌నగర్‌లో బస్సెక్కాను. ఎల్బీనగర్‌లో దిగి సాగర్ రోడ్డు బస్సు పట్టుకోవాలి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. మగవాళ్లు రెండు బస్సులకూ కలిపి వంద రూపాయలు దగ్గర ఉంచుకుంటే మిగులుతుంది కూడా. సొంత బండి ఉంటే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి బొంగులూరులో దిగడం సుఖం. నాకు తుర్కయంజాల్ దాటేదాకా సీటు దొరకలేదు. "కాలేజీ టైం అక్కా, పది దాటినంక వస్తే పండుకొని పోవచ్చు" అన్నాడు కండక్టర్. ఆ ముక్క ముందే తెలిసుంటే బాగుండేది. పావు తక్కువ పదికి ఇబ్రహీంపట్నంలో దిగాను.

బస్టాండ్ ఎదురుగా ఉన్న హోటల్లో పెద్దబాపు కూర్చుని ఉన్నాడు. ముందున్న చాయ్ చల్లారిపోయింది. "తిన్నవా?" అని అడిగి, జవాబు వినకుండానే నాకు ఇడ్లీ చెప్పాడు. నలభై రూపాయల ప్లేటు, పల్లీ చట్నీ బాగుంది. నేను తింటుండగా జేబులోంచి దస్తీ తీసి, ముడి విప్పి, గడియారాన్ని బల్ల మీద పెట్టాడు.

"సూసి నిజం చెప్పు బిడ్డా. నేను మోసపోయిన్నా? అయితే అయిందను, నేనేం ఏడ్వ."

ఏడవను అనేవాళ్ల గొంతు ఎలా ఉంటుందో మీకూ తెలుసు. నాకు మహేష్ మీద ఒళ్లు మండింది. ఎందుకంటే అతను చూపించిన తేడాలన్నీ నిజమే, తీర్పు మాత్రం తప్పు. ఆ కంపెనీ దశాబ్దాలుగా ఒకే రూపాన్ని దిద్దుతూ వస్తోంది. మొదట్లో పక్కనుండే తాళం గుండీకి అటూ ఇటూ ఏ అడ్డూ ఉండేది కాదు. దెబ్బ తగిలి వంగుతోందని తర్వాత రెండు వైపులా స్టీలు భుజాలు పెంచారు. తేదీ ఆ తర్వాత వచ్చింది. అది చిన్నగా కనబడుతోందని అద్దం మీద భూతద్దపు బుడిపె పెట్టారు. తేదీ వద్దనేవాళ్ల కోసం లేని రకం కూడా చేస్తూనే ఉన్నారు. ఉబ్బెత్తు ప్లాస్టిక్ అద్దం పోయి గీతలు పడని సఫైర్ గాజు వచ్చింది. ఎండకు వెలిసే అల్యూమినియం అంచు పోయి వెలవని సిరామిక్ వచ్చింది. ఒళ్లు కాస్త బలిసింది. ఆపైన నీలం, ఆకుపచ్చ, బంగారం. నీళ్ల ముఖం చూడనివాళ్లకూ తలా ఒకటి. మహేష్ చేసింది తాత ఫొటో పక్కన మనవడి ఫొటో పెట్టి ముక్కు కలవలేదనడం లాంటిది. పెద్దబాపుది భుజాలున్నా తేదీ లేని, ప్లాస్టిక్ అద్దం కాలపు రకం.

ఇదంతా చెప్పాక కూడా ఆయన దాన్ని చేతికి పెట్టుకోలేదు. "పైన సరే, లోపల?" అన్నాడు. ఆ అనుమానం నాకూ ఉంది. డయల్ మీద గంటల చుక్కలు ఆ వయసుకు మరీ తెల్లగా మెరుస్తున్నాయి.

మార్కెట్ వెనక సందులో యాదగిరి దుకాణం. ముందంతా సెల్‌ఫోన్ కవర్లు, మూలన గడియారాల బల్ల. గడియారం విప్పి చూడ్డానికి రెండు వందలు తీసుకుంటాడు. గొలుసు ఊడదీసి, సందులో చెక్కిన నంబర్ చూశాడు. వెనక మూత తిప్పి, కంటికి భూతద్దం తగిలించి లోపలి చక్రాలు ఒక్కొక్కటే చూశాడు. పెద్దబాపు గుమ్మం పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"అసల్దే కాకా," అన్నాడు చివరికి. "మిషిన్ అసల్ది, పై డబ్బా అసల్ది. కానీ డయల్‌కు ఎవడో రంగేసిండు. అక్షరాలు సూడు, ఎంత లావుగున్నయో. ఆరు కింద సన్నగ కంపెనీ రాత ఉండాలె, అదే లేదు. సుక్కలు ఈపాటికి మీగడ రంగుకు రావాలె, సున్నమేసినట్టున్నయ్. ఎవడు చేసిండో గానీ సగానికి సగం ధర ముంచిండు."

"అమ్మినోడేనా?" అన్నాను నేను.

పెద్దబాపు గుమ్మం వదిలి లోపలికొచ్చాడు. "కాదు. నేనే."

కూతురు పద్మ పెళ్లికి ఇంటికి రంగులు వేయించాడట. ఇంటితోపాటు గేటుకు, ప్రహరీకి, ట్రాక్టర్ ట్రాలీకి కూడా. మా వైపు పెళ్లంటే అంతే, కదలనిదేదీ రంగు తప్పించుకోలేదు. గడియారంలో గోధుమ మచ్చలున్నాయని, వియ్యాలవారి ముందు బాగుండదని, పట్నంలో ఒకడికిచ్చి కొత్తగా చేయించాడు. "ఎనిమిది వందలు తీస్కున్నడు. మస్తు చేసిండని ఇంకో వంద ఇచ్చిన."

యాదగిరి నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగాడు. నేను నవ్వలేదు, నాకు ఏడుపొచ్చింది. ఆ మచ్చలే దాని వయసుకు సాక్ష్యం. కొనేవాళ్లు వాటికే ఎక్కువిస్తారు. పెద్దబాపు మాత్రం గొలుసు బిగించమని చెయ్యి చాపాడు.

బయటికొచ్చాక అన్నాను: "మహేష్‌కు ఫోన్ చేసి అసలుదేనని చెప్పు. రంగు సంగతి ఎందుకులే."

"ఎందుకు చెప్పొద్దు? నేనేమన్న దొంగనా?" అని అక్కడే సందులో నిలబడి స్పీకర్ పెట్టాడు. "అల్లుడా, గడియారం అసల్దే. నన్నెవడు మోసం చెయ్యలే. చెడగొట్టింది నేనే, రంగేయించి. ఎవరి పెండ్లికనుకున్నవ్? నీ పెండ్లికే."

అటు నుంచి మహేష్, "తప్పైంది మామా" అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంట బస్సులో నాకు కిటికీ సీటే దొరికింది. దారంతా ఒకటే ఆలోచన. అర ఎకరం పోయిందన్న బాధ ఆయనకు ఎప్పుడూ లేదు. తనను ఒకడు వెర్రివాణ్ణి చేశాడన్నదే ఆయన్ను రెండు వారాలు తిన్నది. తన తప్పు తనదేనని తేలాక, ఆ నష్టం ఎంత పెద్దదైనా ఆయన దాన్ని మోయగలిగాడు. నేనైతే రంగు సంగతి దాచేదాన్ని.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పాత గడియారాన్ని ఎవరికిచ్చినా, విప్పకముందే డయల్‌ను ఫొటో తీసుకుని, "శుభ్రం చెయ్, రంగు మాత్రం ముట్టకు" అని చీటీ రాసి గొలుసుకు కట్టి మరీ ఇవ్వండి.