నా ఒంటి కొలతకి కారు సీటు

ఇప్పుడంటే బొత్తాం నొక్కితే కారు సీటు ముందుకూ వెనక్కీ జరుగుతోంది, నడుము దగ్గర ఉబ్బుతోంది, అడిగితే వెచ్చబడుతోంది కూడా. ఆ రోజుల్లో సీటు తన చోట తాను కూర్చుని ఉండేది. మనమే దానికి తగ్గట్టు సర్దుకోవాలి. సర్దుకోవడానికి ఒంట్లో వెసులుబాటు ఉన్నవాళ్ళ సంగతి సరే, నాలాంటివాళ్ళ గతేమిటని ఏ సీటూ ఎన్నడూ ఆలోచించలేదు. ఎనభైల నడుమ, గుంటూరులో ఆడపిల్లల హైస్కూల్లో కొత్తగా సైన్సు టీచరుగా చేరేనాటికే నేను కాస్త భారీ మనిషిని. (కాస్త అన్నది మా అమ్మ మాట. మా టైలరు ఇంకో మాట అనేవాడు.) రిక్షా ఎక్కితే పక్కన మనిషికి బదులు చేతిసంచీ మాత్రమే పట్టేది. బస్సులో ముగ్గురి సీటులో కూర్చుంటే అటూ ఇటూ ఉన్నవాళ్ళు "కాస్త జరుగమ్మాయ్" అనేవాళ్ళు, ఎటు జరగాలో మాత్రం చెప్పేవాళ్ళు కాదు. అందుకని ఎక్కడికి వెళ్ళినా మోచేతులు దగ్గరికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, సీటు అంచు మీద ఆనీ ఆనకుండా కూర్చోవడం నాకు అలవాటైపోయింది.

మా అన్నయ్య దీనికి పూర్తిగా తలకిందులు. ములక్కాడలా ఉండేవాడు. వాడు తిన్న తిండి ఎటు పోతోందో తెలియక అమ్మ దిగులుపడేది (ఎటు వస్తోందో నాకు తెలుసు). వాడికి కార్ల పిచ్చి. పొగాకు కంపెనీలో పనిచేసి స్వదేశం వెళ్ళిపోయిన దొర ఒకాయన వదిలేసిన ఎర్ర కారు ఎవరి కొట్టంలోనో కోళ్ళకి గూడుగా మారి ఉంటే, వాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని తెచ్చుకుని, దాని కింద పడుకుని, దానితో మాట్లాడి, చివరికి నడిపించాడు. రెండు తలుపులు, రెండే సీట్లు, కప్పు బదులు మడతపెట్టే గుడ్డ, నులక మంచమంత ఎత్తు. విదేశాల్లో పందేల్లో పరిగెత్తే జాతిదట. వీధిలో పోతుంటే పిల్లలు వెంటపడేవారు. నేనూ పిల్లల్లో ఒకదాన్నయి గేటు దగ్గర నిలబడి చూసేదాన్ని.

ఆ యేడు మా ఊరి కార్లవాళ్ళ క్లబ్బు గుంటూరు నుంచి కనిగిరి దాకా పందెం పెట్టింది. ఈసారి స్టీరింగు ఆడవాళ్ళే పట్టుకోవాలి, మగవాళ్ళు పక్కన కూర్చుని దారి చెప్పాలి, అదీ షరతు. అన్నయ్యకి పెళ్ళి కాలేదు. ఇంట్లో బండి తోలడం వచ్చిన ఆడమనిషిని నేనే. మా బాబాయి జీపు మీద, మిరప చేల మధ్య డొంకల్లో, గేదెల్ని తప్పిస్తూ నేర్చుకున్నాను. అన్నయ్య వచ్చి "ఏమే, తోలతావా?" అనగానే నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, వాడికి వినపడుతుందేమోనని సిగ్గుపడ్డాను. వెంటనే వెళ్ళి కారెక్కాను. ఎక్కానంటే, సగం ఎక్కాను. ఆ సీటుకి రెండు పక్కలా రెక్కలున్నాయి, మలుపుల్లో మనిషి పక్కకి ఒరగకుండా పట్టుకోవడానికి. అవి నన్ను తొడల దగ్గర పట్టుకుని ఇక వదల్లేదు. అన్నయ్య చేతులు పట్టుకుని లాగాడు. అమ్మ వంటింట్లోంచి ఆముదం సీసా తెచ్చింది. చివరికి ఎలా బయటపడ్డానో ఇక్కడ రాయను. బయటపడ్డాక అన్నయ్య తల గోక్కుంటూ "నువ్వు పట్టవే" అన్నాడు.

"మరెలా?"

"మా స్నేహితుడి చెల్లెలు ఉందిగా. దానికీ డ్రైవింగ్ వచ్చు. సన్నగా ఉంటుంది."

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి "పోనీలేవే తల్లీ, ఊరంతా చూస్తుంటే నీకెందుకొచ్చిన బాధ, నవ్వుతారు" అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు ఒళ్ళు మండింది. "సీటు పట్టకపోతే సీటు మార్చాలి గానీ మనిషిని మారుస్తావేంట్రా?" అని అరిచాను. నేను అన్నయ్యని రా అన్నది అదే మొదలు. వాడు అదిరిపడి, పందెం ముందు ఆదివారం దాకా గడువిచ్చాడు. ఈలోగా నాకు సరిపోయే సీటు దొరికితే నేను, లేకపోతే ఆ సన్నమ్మాయి.

సీటు వేట మొదలైంది. కార్లకీ రిక్షాలకీ సినిమా హాళ్ళకీ సీట్లు కుట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ప్రపంచంలో ప్రతి సమస్యకీ రెక్జిన్ తొడగడమే మందని ఆయన నమ్మకం కాబట్టి ఊరంతా ఆయన్ని రెక్జిన్ బాబాయి అనేది. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, "దీనికింత ఆలోచన దేనికమ్మా? సినిమా హాల్లో బాల్కనీ కుర్చీ ఒకటి ఊడదీసిచ్చారు, దాన్ని బిగిద్దాం" అన్నాడు. బిగించాడు. అది మధ్యలోకి మడుచుకునే జాతి. నేను బ్రేకు తొక్కడానికి కొంచెం ముందుకి లేవగానే అది కిందనుంచి టపీమని మూసుకుంది. తర్వాత మంగలి షాపు కుర్చీ. మెత్తగా, విశాలంగా, దర్జాగా ఉంది. స్టీరింగు ఎడమకి తిప్పితే నేను కుడికి తిరిగాను. దాని తర్వాత లారీ సీటు. అందులో హాయిగా పట్టాను గానీ, మంచమంత కారులో లారీ సీటు వేస్తే ముందు అద్దం నా మోకాళ్ళ దగ్గరికొచ్చింది. వీధి చివరిదాకా వెళ్ళొచ్చేసరికి పక్కింటి బామ్మగారు చేతులు జోడించింది, ఊరేగింపు అనుకుని.

శుక్రవారం నాటికి అన్నయ్య స్నేహితుడి ఇంటికి వెళ్ళి కబురు చెప్పడానికి చొక్కా తొడుక్కుంటున్నాడు. నేను వాడి కంటే ముందు రెక్జిన్ బాబాయి కొట్టుకి పరిగెత్తాను. "బాబాయ్, ఎక్కడివో కుర్చీలు తెచ్చి నన్ను అందులో కుక్కుతున్నావు. నాకు సరిపోయేది కుట్టవచ్చుగా?" అన్నాను. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "కొలతలుంటే కుట్టనా తల్లీ? జాకెట్టుకైతే టేపు పెడతారు. కూచున్న మనిషికి టేపు ఎట్టా పెట్టేది?" అన్నాడు. కాసేపు ఇద్దరం దిగాలుగా కూర్చున్నాం. కూర్చున్నది ఆయన దూదికోసం తెప్పించుకున్న పత్తి బోరెం మీద (బోరెం అంటే పెద్ద గోనెసంచీ). లేవబోతూ వెనక్కి చూసుకుంటే బోరెం మీద గుంట పడి ఉంది. ఇద్దరం ఆ గుంటని చూశాం, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ సాయంత్రం అన్నయ్యని కూడా లాక్కుని, ఆయన బావమరిది పనిచేసే జిన్నింగు మిల్లుకి వెళ్ళాం. ఆవరణలో ఇంటి కప్పంత ఎత్తున పత్తి పోగు. "కూచో తల్లీ. కారులో ఎట్టా కూచుంటావో అట్టా కాళ్ళు చాపు. మొహమాటపడబాక, మొత్తం బరువెయ్" అన్నాడు బాబాయి. మిల్లులో పనివాళ్ళంతా పని మానేసి చూస్తున్నారు. నేను అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి అంచున కూర్చున్నాను. "ఆ కూచోటం కాదు" అని ఆయన విసుక్కున్నాడు. అప్పుడు కళ్ళు మూసుకుని వెనక్కి వాలిపోయాను. పత్తి నెమ్మదిగా దిగి, నడుము కింద ఒత్తుగా, తొడల కింద మెత్తగా, పక్కల్ని పిండకుండా ఆనుకుని ఆగింది. నిజం చెబుతున్నాను, పుట్టి బుద్ధెరిగాక అంత హాయిగా ఎక్కడా కూర్చోలేదు. లేవమంటే లేవబుద్ధి కాలేదు. లేచాక అన్నయ్యా బాబాయీ ఆ గుంట చుట్టూ గొంతుకూర్చుని, అమ్మ కుట్టుమిషను టేపుతో, పొలం సర్వే చేసినంత గంభీరంగా కొలిచారు.

శనివారమంతా కుట్టాడు. అడుగున కొబ్బరి పీచు, పైన దూది, అంచులకి రెక్జిన్, వీపు ఆనేచోట చెమట పీల్చేందుకు నూలు గుడ్డ. దూదికీ పైగుడ్డకీ మధ్య గోనె కావాలి. కొత్త గోనె కోసం బజారుకి పోబోతే అన్నయ్య అడ్డం పడి, మిర్చి యార్డులో స్నేహితుడి దగ్గర ఖాళీ టిక్కీలు ఊరికే వస్తాయని నాలుగు మోసుకొచ్చాడు. (టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా.) ముగ్గురం వాసన చూశాం. గుంటూరు ముక్కులు కదా, ఏమీ తెలియలేదు. "శుభ్రంగా ఉన్నాయి" అన్నాడు బాబాయి. ఆదివారం సాయంత్రం చల్లగాలిలో ఊరి బయట లాం దాకా తోలి చూశాను. మలుపులో కారు ఒరిగింది గానీ నేను ఒరగలేదు. అన్నయ్య చెయ్యి చాచి "సరే, నువ్వే" అన్నాడు. ఆ రాత్రి అమ్మ నాకు రెండు గరిటెలు ఎక్కువ వడ్డించింది.

పందెం రోజు చిలకలూరిపేట దాకా స్వర్గం. మార్టూరు దగ్గర రాళ్ళ లారీలు రోడ్డుని గుంటలు చేసి పెట్టాయి. మొదటి గుంటలో పడగానే నా సీటు "ఉఫ్" మని నిట్టూర్చింది. అన్నయ్య ముక్కు ఎగబీల్చి, "ఇక్కడెవరో తాలింపు పెడుతున్నట్టున్నారే" అన్నాడు. రెండో గుంటకి వాడు తుమ్మాడు. మూడో గుంటకి ఇద్దరం తుమ్మాం. ఒక్కో గుంటకీ సీటు ఒక్కో గుక్క మిరప ధూళి వదులుతోంది. కప్పు లేని కారు కాబట్టి అందులో చాలా భాగం గాలికి వెనక్కి పోయింది. వెనకనుంచి మమ్మల్ని దాటబోతున్న డాక్టరుగారి భార్య కారు తుమ్ముకుంటూ చింతచెట్టు కింద ఆగిపోయింది. ఆ పందెంలో మేము వెనక్కి నెట్టిన కారు అదొక్కటే.

అద్దంకి దాటాక ఎండ ముదిరింది, చెమట పట్టింది, అసలు కథ అప్పుడు మొదలైంది. వీపు చురుక్కుమంది, తర్వాత వీపుకి కింద ఉన్నదంతా చురుక్కుమంది. అన్నయ్య జాలిపడి తువ్వాలు తడిపి నా వెనక పెట్టాడు. మిరప మంటకి నీళ్ళు తగిలితే ఏమవుతుందో మిర్చి ఊళ్ళో పుట్టిన ఇద్దరికీ గుర్తు రాలేదు. నేను వేసిన కేకకి పొలంలో కొంగలు లేచిపోయాయి. "ఆపవే, పక్కకి తియ్. పందెం పోతే పోయింది, సీటు పీకేద్దాం" అన్నాడు వాడు. వాడి కళ్ళమ్మట కూడా నీళ్ళు కారుతున్నాయి.

"పీకితే దేని మీద కూచోను? దొరగారి సీటులో పట్టను. నేను దిగను" అన్నాను.

మొండితనం అనుకున్నాడు. మొండితనమే, కాదనను. కానీ అంత మంటలోనూ నాకు ఒక సంగతి తెలుస్తోంది. గుంటూరులో బయల్దేరినప్పటినుంచి నేను ఒక్కసారి కూడా మోచేతులు దగ్గరికి లాక్కోలేదు, ఊపిరి బిగబట్టలేదు. గేరు మార్చినా, గొడ్లు అడ్డమొచ్చి బ్రేకు తొక్కినా, ఆ సీటు నా నడుముని ఎక్కడ పట్టుకోవాలో అక్కడ పట్టుకునే ఉంది. నాకోసమని ఈ లోకంలో ఒక చోటు తయారైతే, దాన్ని కాస్త మంటకి వదులుకుంటానా? పొదిలి దాటాం. నేను ఏడుస్తూ, తుమ్ముతూ, మధ్యలో పాడుతూ కూడా తోలాను. కనిగిరి కొండ కనబడగానే అన్నయ్య నన్ను మించి కేకలు పెట్టాడు.

చివరినుంచి రెండోవాళ్ళం. అయినా ఎర్ర మొహాలతో, ధారాపాతంగా కన్నీళ్ళతో దిగిన మమ్మల్ని చూసి అక్కడి జనం కరిగిపోయారు. క్లబ్బు ప్రెసిడెంటుగారి భార్య "పాపం, సంతోషం పట్టలేక ఏడుస్తోందండీ పిల్ల" అంటూ నన్ను కావలించుకుంది. తర్వాత ఆవిడా చాలాసేపు ఏడ్చింది.

అక్కడ హోటల్లో అన్నం తిని, సీటు విప్పి, టిక్కీ గోనెలు లాగేసి, దూది దులిపి, మధ్యలో హోటలాయన ఇచ్చిన పాత దుప్పటి పరిచి మళ్ళీ బిగించాం. తిరుగు దారిలో పందెమూ లేదు, షరతూ లేదు. "నువ్వు అలిసిపోయావు, ఇక నేను తోలతాలే" అని అన్నయ్య తాళం తీసుకుని నా సీటులో కూర్చున్నాడు. నేను పక్క సీటులో, రెక్కల పైదాకా ఎత్తుగా మడిచి పరిచిన బొంత మీద సర్దుకున్నాను. ఊరి బయట మొదటి మలుపులో వాడు సీటుకి ఈ చివర నుంచి ఆ చివరికి జారిపోయాడు. రెండో మలుపులో స్టీరింగు పట్టుకుని వేలాడాడు. వెనక్కి వాలితే వీపు అందలేదు, పక్కకి ఒరిగితే ఆధారం లేదు. నడుము నొప్పని కారు ఆపి, ఆ విశాలమైన సీటు మధ్యలో ఒంటరిగా కూర్చుని, నా వైపు దీనంగా చూశాడు.

"ఇది నాకు పట్టదే" అన్నాడు.

నేను నవ్వలేదు. ఆ మాట ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. దిగి, అటు తిరిగి వెళ్ళి, తలుపు తీసి, "లే, జరుగు" అన్నాను. వాడు జరిగాడు. నేను కూర్చుని, నిండుగా వెనక్కి వాలి, గుంటూరు దాకా తోలుకొచ్చాను. వాడు దారి పొడుగునా నిద్రపోయాడు.

ఆ రోజు కారు దిగిన ఆ అమ్మాయి, అంటే అప్పటి నేను, నాకిప్పుడు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. వీపంతా దద్దుర్లు, కళ్ళు మిరపపళ్ళు, జుట్టు నిండా దుమ్ము, మొహం నిండా నవ్వు. ఇంటికొచ్చాక వారం రోజులు నిలబడే పాఠాలు చెప్పింది. క్లాసులో పిల్లలు "కూచోండి టీచర్" అంటే, "ఇప్పట్లో అక్కర్లేదర్రా" అనేది.