యుగం గురించి మాట్లాడి ఫ్లెక్సీలో పడ్డ వైనం

మనిషికి చేటు నోటివల్ల వస్తుందంటారు. నాకు మాత్రం దరఖాస్తు ఫారంలో రెండంగుళాల గడివల్ల వచ్చింది. ఆ గడిలో నేను రాసిన రెండు మాటలు అశోక్ నగర్ నడివీధిలో, ఊళ్ళో ఉన్న నిరుద్యోగులందరి సమక్షంలో నా పరువును ఎలా ఊరేగించాయో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు ఎవరూ ఆపుకోలేదు.

అది 2012. సర్కారు ఉద్యోగం రాతపరీక్ష ఎలాగో గట్టెక్కి, ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తున్నాను. అశోక్ నగర్‌లోని మా కోచింగ్ సెంటర్‌వాళ్ళు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టి, ముందుగా ఒక ఫారం నింపమన్నారు. అందులో 'హాబీ' అని ఒక గడి.

"పుస్తక పఠనం అని రాయకు రా," అన్నాడు నా రూమ్మేట్ సైదులు. వాడిది నల్లగొండ. సలహాలివ్వడంలో అందెవేసిన చెయ్యి. "అందరూ గదే రాస్తరు. బోర్డోళ్ళకు నిద్రొస్తది. జర అలగ్ రాయి."

నేను "మోటార్‌సైకిల్ రేసింగ్" అని రాశాను.

పూర్తిగా అబద్ధం కాదండీ. చిక్కడపల్లిలో మేం తినే మెస్సు ఓనరు ఆదివారం మధ్యాహ్నం రిమోటు గుండెలమీద పెట్టుకుని నిద్రపోయేవాడు. టీవీలో రేసులు వస్తుండేవి. సాంబారన్నం కలుపుకుంటూ మూడేళ్ళు చూశాను. ఎవడు ఏ మలుపులో ఎవణ్ణి దాటాడో కంఠతా వచ్చేది. రానిదల్లా ఒక్కటే, బండి నడపడం. నా వాహనం సిటీ బస్సు, నా లైసెన్సు బస్ పాసు.

ఆ ఉత్తుత్తి ఇంటర్వ్యూ బోర్డులో ముగ్గురు. ఇద్దరు కునికిపాట్లు పడుతున్నారు. మధ్యలో కూర్చున్నాయన నరసింహారావుగారు. రిటైరైన పెద్ద ఆఫీసరు, గుంటూరు వైపు నుంచి వచ్చి బర్కత్‌పురలో ఎప్పుడో స్థిరపడిన కుటుంబం. నా ఫారం చూస్తూనే ఆయన తెల్లమీసాలు నిక్కబొడుచుకున్నాయి.

"రేసింగా! ఇదెవరూ రాయరే! ఏం గమనించారు అందులో?"

"ఇప్పుడు నడుస్తున్నది ఒక యుగం సార్."

"పెద్ద మాటే! కాకతీయుల యుగం అంటాం, దానికో లెక్కుంది. మీ రేసుల్లో దేన్నిబట్టి యుగం అంటారు?"

మూడేళ్ళుగా ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని కాచుకుని కూర్చున్నవాణ్ణి నేను. "నలుగురు రైడర్లున్నారు సార్. అభిమానులు వాళ్ళని ఏలియన్స్ అంటారు, మన లోకపు మనుషులు కారని. దాదాపు ప్రతి రేసూ వాళ్ళలో ఒకరిదే."

"ఎక్కువసార్లు గెలిస్తే యుగమైపోతుందా? మా ఆఫీసులో ఒకాయన పదేళ్ళు వరసగా క్యారమ్స్ గెలిచాడు. ఎదురు కూర్చునేవాడు లేక."

"మిగతావాళ్ళూ మొనగాళ్ళే సార్. అయినా రేసు మొదలవకముందే ఐదో స్థానం ఎవరిదా అని ఆలోచిస్తారు. ఓడేవాళ్ళ ఆశ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ యుగం మొదలవుతుంది."

ఈ వాక్యం నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. కునికే ఇద్దరూ కళ్ళు తెరిచారు.

"మరి ముగిసేదెప్పుడు?" అడిగారు నరసింహారావుగారు. నన్ను పరీక్షించడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"వాళ్ళని చూసి భయపడనివాడు ఒకడు వచ్చినప్పుడు సార్."

"సరే. గొప్పతనం మనిషిదా, బండిదా?"

"అదే నాకూ తేలడం లేదు సార్. నలుగురిలో పెద్దాయన కిందటేడు బండి మార్చాడు. అప్పట్నుంచి ఒక్క గెలుపు లేదు. పోనీ బండే ముఖ్యమనుకుందామంటే, అదే బండిమీద అంతకుముందు ఇంకొకాయన గెలిచాడు. బండికీ మనిషికీ జాతకం కలవాలేమో."

ముగ్గురూ నవ్వారు. అక్కడ లేచి నమస్కారం పెట్టి వచ్చేసి ఉంటే ఈ కథే లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. నోరు మరీ మంచిదైతే ఊరంతా చూడటానికి వస్తుంది. నేను ఇంకో ముక్క కలిపాను.

"అది నడిపేవాళ్ళకే తెలుస్తుంది సార్."

"ఓహో, మీరూ నడుపుతారా! ఏ బండి?"

"ఏదైనా సార్," అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఆయన కుర్చీలోంచి కుర్రాడిలా లేచారు. "కిందకి రండి!"

కింద ఆయన బండి ఉంది. ముప్పై ఏళ్ళ నాటిది, గున్న ఏనుగంత బరువు. ఆయనే కిక్కు కొట్టి స్టార్ట్ చేశారు. వీధంతా దడదడలాడింది. ఆ చప్పుడుకి కోచింగ్ క్లాసులు ఖాళీ అయ్యాయి. టీ గ్లాసు పట్టుకుని సైదులు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందిరా, నీకు బండొస్తదా?" చెవిలో అడిగాడు.

"రాదు."

"మరి రాదని చెప్పు!"

"ఇప్పుడెట్ల చెప్త రా? యుగాల గురించి మాట్లాడి వచ్చిన."

"గట్లయితే నీ ఖర్మ," అని రెండడుగులు వెనక్కి వేశాడు. వాడు ఇచ్చిన సలహాలన్నిటిలో నాకు పనికొచ్చేది ఆ 'రాదని చెప్పు' ఒక్కటే. నేను పాటించలేదు.

నన్ను బండి ఎక్కించి, క్లచ్ పట్టించి, "గేరు వేశాను. క్లచ్ మెల్లగా వదలండి. ఆ మూలదాకా వెళ్ళి తిప్పుకురండి," అన్నారు నరసింహారావుగారు.

మెల్లగా అన్నారు. నేను తుమ్మినట్టు వదిలాను. బండి ఎగిరి దూకింది. భయంతో యాక్సిలరేటర్ బిగించి పట్టుకున్నాను. బ్రేకు కుడికాలి కింద ఉంటుందని టీవీ చూసి నేర్చుకున్న జ్ఞానం ఉంది కదా, కుడికాలితో బలంగా తొక్కాను. ఆ కాలపు బండ్లకు కుడికాలి కింద ఉండేది గేరని, బ్రేకు ఎడమకాలికి ఉంటుందని మెస్సు టీవీ నాకు చెప్పలేదు. ఆగమని నేను తొక్కుతున్నాను, పొమ్మంటున్నాననుకుని అది పోతోంది.

"ఎడమ కాలు! ఎడమ కాలు!" వెనకనుంచి కేకలు.

ఇక మిగిలింది ఒక్కటే విద్య. ఏలియన్స్ మలుపులో ఒరిగినట్టు ఒక పక్కకి ఒరిగాను. బండి బుద్ధిగా తిరిగింది, నేరుగా కోచింగ్ సెంటర్ గుమ్మం పక్కన కట్టిన ఫ్లెక్సీ వైపు. అక్కడున్న ఇసుక కుప్పలో దాని ముందు చక్రం దిగబడింది. అది ఆగిపోయింది. నేను ఆగలేదు.

కళ్ళు తెరిచేసరికి నా మొండెం ఒక పక్క, తల ఇంకో పక్క ఉన్నాయి. మధ్యలో చిరిగిన ఫ్లెక్సీ. అవతల వీధంతా నన్నే చూస్తోంది.

"సైదులూ," అన్నాను నీరసంగా, "నేనెక్కడున్న రా?"

"ఫస్ట్ ర్యాంకుల ఉన్నవ్ రా!"

కిందటేడు టాపర్ల ఫోటోలు వేసిన ఫ్లెక్సీ అది. మొదటి ర్యాంకు అమ్మాయి ముఖం ఉండాల్సిన చోట నా ముఖం ఉంది. కింద పెద్ద అక్షరాలతో "మా సంస్థ గర్వకారణం" అని ఉంది. అప్పుడు మొదలైంది నవ్వు. అశోక్ నగర్‌లో మొదలై నారాయణగూడ చౌరస్తాదాకా వినపడి ఉంటుంది. టీకొట్టు అన్న ఫోను తీసి, "తమ్మీ, జర తల కదిలియ్యకు," అన్నాడు.

నరసింహారావుగారు పరుగున వచ్చారు. "దెబ్బ తగల్లేదు కదా?"

"లేదు సార్."

"మిమ్మల్ని కాదు, బండిని అడుగుతున్నాను." తర్వాత నావైపు తిరిగి, కోపం లేకుండా, "రాదని ఒక్క మాట అనొచ్చు కదయ్యా," అన్నారు.

"మీరు 'ఏ బండి' అని అడిగారు సార్. వచ్చా అని అడగలేదు."

ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. మర్నాడు నా మార్కుల కాగితం వచ్చింది. "విషయ పరిజ్ఞానం: చాలా బాగుంది. నిజాయితీ: ఫ్లెక్సీ చూడండి."

ఆ ఫ్లెక్సీ స్థానంలో కొత్తది వేయించడానికి వారం పట్టింది. ఆ వారంలో కొత్తగా చేరిన ఒక తమ్ముడు మా రూముకి వచ్చి, చేతులు కట్టుకుని, "అన్నా, ఫస్ట్ ర్యాంకుల నిన్నే చూసిన్రట. ఏం మెటీరియల్ చదివినవ్?" అని అడిగాడు.

అందుకని పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను సంపాదించని ఏ ర్యాంకులోనూ ఈ జన్మలో మళ్ళీ తల దూర్చను.