మా తమ్ముడి బోటుకి నేనిచ్చిన స్టార్లు

నెట్లో రివ్యూలు చదివి ప్రాణాలప్పగించే వాళ్లను చూస్తే నాకు నవ్వూ రోతా కలిసి వస్తాయి. ఎందుకంటే ఆ రివ్యూలు రాసింది నేను.

మా తమ్ముడికి పోర్ట్ బ్లెయిర్‌లో టూరిస్టులను తిప్పే బోటుంది. తాతలనాడు చేపల వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. వేట మానేశాం గానీ సముద్రాన్ని వదల్లేదు. ఒకసారి ఎవరో టూరిస్టు ఆవిడ వాడికి రెండే స్టార్లిచ్చి, "లైఫ్ జాకెట్ బకిల్ పడదు, దారంతా చేత్తో పట్టుకుని కూర్చున్నాను" అని రాసింది. అక్షరాలా నిజం. వాడి జాకెట్లలో సగానికి బకిళ్లు ఉత్తుత్తివే.

మనిషన్నవాడైతే ఏం చేస్తాడు? బకిళ్లు మారుస్తాడు. మా వాడు చుట్టాలందరి ఫోన్లూ పోగుచేసి తెచ్చి నా ముందు పెట్టాడు.

"అక్కా, ఆవిడ మన పొట్ట కొట్టీసింది. మనోళ్లలో సదువుకున్నదానివి నువ్వే. అందరి పేరునా పాంచ్ స్టార్ కొట్టీ, బస్!"

పదకొండు ఫోన్లు! బకిళ్లకు లేని ఓపిక దీనికి ఎక్కణ్ణుంచి వచ్చిందో. నేను మాత్రం తక్కువ తిన్నానా? టీ తాగుతూ పదకొండూ రాసిపడేశాను. "చాలా సేఫ్. పిల్లలతో నిశ్చింతగా వెళ్లొచ్చు" అన్నది నా ముత్యాల మాటే. పాపం, ఆవిడ రాసిన నిజం అడుక్కి పోయింది.

నెల తిరక్కుండానే మా అమ్మాయి బడి నుంచి చీటీ తెచ్చింది. క్లాసంతా పిక్నిక్కట, మా తమ్ముడి బోటులోనేనట. ఆ క్లాసులో సగం మందికి ఈత రాదు. అయినా నా బుద్ధి చూడండి, "జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపో" అన్నాను.

"మరి మిగతావాళ్లకీ జ్వరమేనా అమ్మా?" అంది అది.

ఛీ, నా బతుకు! అప్పుడు టీచరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నమ్మితేనా!

"రివ్యూలన్నీ చూసే బుక్ చేశాం దీదీ. అందరూ సేఫ్ అనే రాశారు. మీ భాయీతో ఏమైనా ఝగడా అయిందా?"

ఆ అందరూ నేనేనని చెబితే ఆవిడకు అనుమానం ఇంకా ముదిరింది.

పిక్నిక్ రోజు పొద్దున్నే జెట్టీకి వెళ్లాను. పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. "అక్కా, ఇజ్జత్ తియ్యకు!" అని తమ్ముడు అరుస్తూనే ఉన్నాడు. ఒక జాకెట్ తొడుక్కుని, బకిల్ గట్టిగా నొక్కి, టీచరు చూస్తుండగా నీళ్లలోకి దూకాను. జాకెట్ ఒకవైపు తేలింది, నేనొకవైపు తేలాను.