టైలర్ చాచా వేసిన ర్యాంకులు

కొత్తగూడెంలో మా టైలర్ చాచా బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ చూసి ఎరగడు. అయినా సీజన్ సగం గడిచేసరికి చుట్టుపక్కల కాలేజీల అమ్మాయిల జట్లకు ర్యాంకులు వేసేవాడు. బట్ట మీద గీతలు గీసే సుద్దతోనే దుకాణం తలుపు మీద రాసేవాడు. అన్ని జట్ల జెర్సీలూ కుట్టుకు వచ్చేది ఆయన దగ్గరికే. చినిగిన చోటును బొటనవేలితో మెల్లగా నిమిరి చూడటం ఆయన అలవాటు.

ఆ ఏడాది భద్రాచలం జట్టుకు మొదటి స్థానం ఇచ్చాడు, మాకు రెండోది. నేను మా జట్టు కెప్టెన్‌ని. ఒళ్లు మండిపోయింది.

"ఏంది చాచా? మేం ఒక్క మ్యాచ్ గూడ ఓడలే. వాళ్లు రెండు ఓడిండ్రు."

"అవ్ బిడ్డా. కానీ వాళ్ల జెర్సీలు చూడు, చంకల కాడ ఎట్ల చినిగినయో. బాల్ కోసం గంత కొట్లాడిండ్రు. నీదాంట్ల ఒక్క పోగన్న లేసిందా?"

అంటూనే భద్రాచలం కెప్టెన్ జెర్సీని మళ్లీ నిమిరాడు, ఏదో మెడల్‌ని నిమిరినట్టు. ఆ చిరుగు మీద నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. మర్నాడు నా జెర్సీని చంక కింద కత్తిరించి తీసుకెళ్లాను.

చాచా బొటనవేలితో ఒక్కసారి నిమిరాడు.

"నలభై ఏండ్ల సంది కత్తెర పట్టుకుంటున్న, బిడ్డా. గీ కోత నాకు తెల్వదా?"

ఆయన లేచి, తలుపు మీద మా పేరును అరచేత్తో తుడిచి మూడో స్థానానికి దించాడు. తర్వాత మిషన్ ముందు కూర్చుని నా జెర్సీ కుట్టాడు. ఆ కుట్టు ఎక్కడుందో మా జట్టులో ఎవ్వరూ కనిపెట్టలేకపోయారు.