తగ్గించానని చెప్పిన సిగ్నల్

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో వాళ్లూ అంటారు, నేనూ ఒప్పుకుంటాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అవ్వ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. కానీ ఈ సంగతిలో నా నోరు చేసిన పాపం కోపంతో చేసింది కాదు. చల్లగా, నవ్వుతూ చేసింది. అందుకే ఇంకా మింగుడు పడటం లేదు.

మాది ఉదయగిరి. పెళ్లయ్యాక ఆత్మకూరు వచ్చి బస్టాండుకు దగ్గర్లో ఒక అద్దె ఇంట్లో ఉంటున్నాం. మా ఆయనకు కలిగిరిలో ఉద్యోగం, పొద్దున పోతే సాయంత్రం రావడం. నేను ఇంట్లోనే కూర్చుని చెన్నై కంపెనీ ఒకదానికి పని చేస్తాను. ఆసుపత్రి కాగితాలు చదివి, ఏ జబ్బుకు ఏ కోడ్ పడాలో చూసి కంప్యూటర్లో ఎక్కించాలి. రోజూ పొద్దున పది గంటలకు వీడియో మీటింగు. అందులో మాట తెగకూడదు, మొహం ఆగిపోకూడదు. ఆగితే ఆ రోజుకి మర్యాద పోయినట్టే.

మా ముందు గది వీధిలోకి ఉంటుంది. ఆటోల రొద, పాత సామాన్లు కొనేవాడి మైకు. అందుకని వంటింటి పక్కనున్న వెనక గదిలో బల్ల వేసుకున్నాను. నెట్ పెట్టడానికి వచ్చిన మనిషి మాత్రం తన వైరు ముందు గదిదాకే వచ్చిందని రౌటర్‌ను అక్కడే, పక్కింటికీ మాకూ ఉమ్మడిగా ఉన్న గోడకు కొట్టి పోయాడు. వెనక గదికి సిగ్నల్ ఒక్క గీత వచ్చేది. అతనికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. వస్తానన్నవాడు రాలేదు. ఛీ, వీడిని నమ్ముకుంటే అయినట్టే అని నేనే నేర్చుకున్నాను.

రౌటర్ అడుగున అంటించిన కాగితం మీది అంకెలు బ్రౌజర్లో కొట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి పోతే ఒక పేజీ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ అన్న చోట నొక్కితే అసలు సంగతులన్నీ అక్కడున్నాయి. రౌటర్ రెండు రకాల సిగ్నల్ ఇస్తుంది. ఒకటి వేగమైనది గానీ రెండు గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. ఇంకొకటి నిదానమైనది గానీ గోడల్లో నుంచి దూరి వస్తుంది. ఆ రెంటికీ వేరు వేరు పేర్లు పెట్టి, కంప్యూటర్‌ను నిదానమైనదానికి కట్టాను. వీధిలో రౌటర్లన్నీ ఒకే ఛానల్ మీద కొట్టుకుంటున్నాయని చూసి మాది వేరే ఛానల్‌కు మార్చాను. చివరగా ట్రాన్స్‌మిట్ పవర్. అంటే రౌటర్ ఎంత బలంగా సిగ్నల్ వదలాలన్నది. లో, మీడియం, హై అని మూడున్నాయి. హై పెట్టాను. వెనక గదిలో గీతలన్నీ నిండాయి. ఆ రోజు నా అంతటిది లేదనుకున్నాను.

పక్కింట్లో ఒక చిన్న కోడలు ఉండేది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. పుట్టిల్లు సీతారామపురం అవతల ఒక పల్లె. మొగుడు లారీ మీద పోతే వారం పది రోజులకు గానీ రాడు. ఇంట్లో ఆ పిల్లా, వాళ్లత్తా. అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నీళ్లోసుకుంది. మూడో నెల.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"అక్కా, నీ వైఫై డబ్బా మా మంచం తలకాడ గోడకే ఉండాది గదా. దాన్నుంచి వచ్చే కిరణాలు కడుపులో బిడ్డకు మంచివి గావంట. ఫోన్లో వీడియో వచ్చినాది."

"ఏంది మే, నీకేమన్నా పిచ్చా?" అన్నాను నేను. "వీడియోలో గాడిద గుడ్డు పెట్టిందన్నా నమ్ముతావా?"

"డాక్టరమ్మను గూడా అడిగినానక్కా. అట్టాంటిదేం లేదన్నాది."

"మరింకేంది నీ బాధ?"

"ఆమెకేమక్కా. పోతే పోయేది నా కడుపు గదా."

ఆ మాటకు నా నోట్లో ముద్ద ఆగింది. చేయి కడుక్కుని లేచాను. ఫోన్లోనే రౌటర్ పేజీ తెరిచి, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. ఇదిగో ఇది బలం, ఇప్పుడు హైలో ఉంది, లో పెడుతున్నాను చూడు, అన్నాను. సేవ్ నొక్కగానే గోడ మీద రౌటర్ లైట్లు ఒక్కసారి ఆరి, ఒక్కొక్కటే మళ్లీ వెలిగాయి. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి వాటినే చూసింది. లైట్లన్నీ వెలిగాక నా చేయి పట్టుకుంది. చేయి చల్లగా ఉంది.

"తగ్గినట్టేనా అక్కా?"

"తగ్గింది పో. కడుపునిండా తిని నిద్రపో."

సాయంత్రానికి వీధంతా తెలిసింది. వాళ్లత్త పెరటి గోడ మీదుగా తల పెట్టి, "పరాయిదానివైనా మా బిడ్డను తలుచుకున్నావమ్మా" అంది. అదేం లేదత్తా అని నేను పెద్దరికం ఒలకబోశాను.

మర్నాడు పది గంటల మీటింగులో నా మాట ముక్కలు ముక్కలైంది. మా టీమ్ లీడర్ అందరి ముందూ, "ఇంట్లో నెట్ సరిగా లేకపోతే చెన్నైకి వచ్చి ఆఫీసులో కూర్చోండి, లేదంటే మేం వేరేవాళ్లను చూసుకుంటాం" అన్నాడు. అప్పటికే ఒకసారి మెయిల్లో హెచ్చరించి ఉన్నాడు. ఒళ్లు మండిపోయింది. అతని మీద మండింది, వీడియోలు పెట్టే వెధవల మీద మండింది, ఆ పిల్ల మీద కూడా మండింది. మీటింగు ముగిసిన నిమిషంలో పేజీ తెరిచి మళ్లీ హై పెట్టాను. సేవ్ నొక్కాను. లైట్లు ఆరి వెలిగాయి. ఈసారి చూడ్డానికి ఎవరూ లేరు.

తప్పని అనిపించలేదు. దాని వల్ల ఏ కడుపూ పోదని నాకు తెలుసు. ఇప్పటికీ అదే నమ్ముతాను. ఆ పిల్లకు కావలసింది ధైర్యం, అది ఇచ్చేశాను, నాకు కావలసింది సిగ్నల్, అది నాకుంది, ఎవరికీ నష్టం లేదు అని లెక్క తేల్చుకున్నాను. నిజానికి ఒక పొడుగాటి వైరు తెప్పించి రౌటర్‌ను వెనక గదికి మార్చుకుంటే ఇద్దరి పనీ అయ్యేది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. బద్ధకం, ఇంకేం లేదు.

ఆ పిల్ల కనిపించినప్పుడల్లా అడిగేది. "అక్కా, తగ్గే ఉండాది గదా?"

"ఉండాదిలే మే, ఎన్నిసార్లు అడుగుతావు?"

నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అలా రెండు నెలలు అబద్ధం ఆడాను. మొదటిసారి కొంచెం నాలుక తడబడింది. తరవాత అలవాటైపోయింది.

ఐదో నెలలో ఒక పొద్దున వాళ్లింటి ముందు ఆటో ఆగింది. ముందు ఇక్కడి ఆసుపత్రికి, అక్కణ్ణుంచి నెల్లూరు తీసుకుపోయారు. మూడు రోజులకు తిరిగి వచ్చారు. ఆటోలో నుంచి ఆ పిల్ల దిగిన తీరు చూస్తేనే తెలిసిపోయింది, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నేను చేసే పనిలో దానికీ ఒక కోడ్ ఉంది. వారానికి పదిసార్లన్నా కొడతాను. ఆ రోజు మాత్రం కంప్యూటర్ ముందు కూర్చోబుద్ధి కాలేదు.

సాయంత్రం పలకరించడానికి పోయాను. పిల్ల లోపల గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. వాళ్లత్త వసారాలో ఇద్దరు ఆడవాళ్లకు చెబుతోంది. నన్ను చూసి గొంతు పెంచింది.

"రామ్మా, రా. ఏమీ గాని పరాయిది, ఈమె మా కోసరం మిషను తగ్గించుకున్నాది. ఈ మహాతల్లి మాత్రం ఆ ఫోను కింద పెట్టిందా? పొద్దస్తమానం చెవి కాడే. మొగుడితో మాటలు. ఇంటి పక్కది తగ్గించె, ఇంట్లోది తగ్గించకపాయె. ఇంకేం నిలస్తాది కడుపు?"

నేను ఇచ్చిన ధైర్యం ఎక్కడికి వచ్చి తేలిందో అప్పుడు అర్థమైంది. వాళ్ల లెక్కలో ముద్దాయిలు రెండే. ఒకటి నా రౌటర్, ఒకటి ఆ పిల్ల ఫోన్. నా రౌటర్‌ను నేనే నిర్దోషిని చేసి పెట్టాను. మిగిలింది ఆ పిల్ల.

"ఫోన్ వల్ల కాదత్తా," అన్నాను. "అట్టాంటిదేం ఉండదు. డాక్టరు చెప్పలా?"

"ఏమీ లేకపోతే నువ్వెందుకు తగ్గించినావు మరి?"

ఆడవాళ్లిద్దరూ నా వైపు తిరిగారు. లోపల నుంచి ఆ పిల్ల కూడా తలెత్తి చూసింది. తగ్గించలేదత్తా, మరుసటి రోజే మళ్లీ పెంచేశాను, అంటే అయిపోయేది. ఆ పిల్ల మీద పడ్డ నింద అప్పటికప్పుడు లేచిపోయేది. కాకపోతే లేచి వచ్చి నా నెత్తిన కూర్చునేది. పక్కింటిది మాట ఇచ్చి బిడ్డను పొట్టన పెట్టుకుంది అని ఆత్మకూరంతా అనేది. అది అబద్ధపు నింద. ఆ పిల్ల మీదున్నదీ అబద్ధపు నిందే. ఇద్దరిలో ఎవరో ఒకరు మోయాలి.

"అడిగిందని తగ్గించినాను," అన్నాను.

"చూసినారా? సదువుకున్నదానికి ఉండే గ్యానం," అంది వాళ్లత్త ఆ ఆడవాళ్లతో.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ఉండి అంతా చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం తేలిక, ఆయన వసారాలో నలుగురిని కూర్చోబెట్టుకుని అడగడు కదా. మా ఆయనకూ చెప్పాను. ఆయన, "గమ్మునుండు, ఇప్పుడు కెలికితే వీధిలో బతకనీరు" అన్నాడు. గమ్మునున్నాను. మాట్లాడొద్దంటే ఇంత బుద్ధిగా వినడం నా జన్మలో అదే మొదలు. థూ, నా బతుకు.

ఆ పిల్ల చేతిలో నుంచి ఫోన్ తీసేసుకున్నారు. మొగుడు వచ్చి రెండు రోజులుండి ఒక్క మాట కూడా కలపకుండా పోయాడట. మూడు వారాలకు పుట్టింటికి పంపించేస్తున్నారని తెలిసింది. మళ్లీ తీసుకొస్తారా అంటే వాళ్లత్త, "చూద్దాం" అంది. ఆ చూద్దాం ఎట్లాంటిదో వీధిలో అందరికీ తెలుసు.

ఆ పిల్ల పోయే రోజు పొద్దున మీటింగు ఎగ్గొట్టి బస్టాండుకు పోయాను. ఉదయగిరి బస్సు ఆగి ఉంది. అక్కడ దిగి సీతారామపురం బస్సు కోసం మళ్లీ కాచుకోవాలి. వాళ్ల నాయన ట్రంకుపెట్టెను బస్సులో సర్దుతున్నాడు. పిల్ల బస్సు పక్కన నీడలో నిలబడి ఉంది. చెంపలు పీక్కుపోయాయి. నన్ను చూసి నిజంగానే సంతోషపడింది. ఆ సంతోషం చూడలేకపోయాను.

"నీకొక మాట చెప్పాల," అన్నాను.

"నేనే నీకు చెప్పాలక్కా. పోయే ముందు నీ ఇంటికి వద్దామంటే అత్త పంపీలా." నా చేయి పట్టుకుంది. "ఆ వీధిలో నా మాట ఇన్నదానివి నువ్వొక్కదానివే. నవ్వినావు, తిట్టినావు, అయినా ఇన్నావు. నువ్వు గూడా ఇనకపోయింటే, ఆ డబ్బా వల్లే పోయిందిలే అని ఎట్టనో మనసుకు చెప్పుకొనుందును. ఇప్పుడు అదీ లేదు గదక్కా. నా వల్లే పోయినాది."

"నీ వల్ల కాదు మే."

"మరి దేని వల్ల?"

కండక్టర్ తలుపు మీద చరిచాడు. వాళ్ల నాయన బస్సు లోపల నుంచి పిలిచాడు. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తూ ఇంకా నిలబడే ఉంది, నేనేదో చెబుతానని.

"ఎండగా ఉండాది, అటుపక్క సీట్లో కూర్చో," అన్నాను.

తలూపి ఎక్కింది. నేను చెప్పిన పక్కే కూర్చుంది.